సత్తియ్య వలలు

అనకాపల్లి,
ఆగస్టు 4

ప్రియమైన నాన్నకు,

ఓడలోంచి సముద్రంలోకి నూనె కారిన కేసులో మన ఊరి అర్జీలన్నీ మా లాయరుగారు నాకే అప్పగించారు. పడవలవాళ్లు అడిగినదానికి జవాబు ఇది. తన తప్పు లేకపోయినా ఓడ యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. కానీ దానికి ఒక హద్దుంది. అది ఓడ పరిమాణాన్ని బట్టి ఉంటుంది, మనకు జరిగిన నష్టాన్ని బట్టి కాదు. యజమానే కావాలని చేశాడనో, నష్టం తప్పదని తెలిసీ లెక్కచేయలేదనో రుజువైతేనే ఆ హద్దు పోతుంది. అలాంటి రుజువు మన దగ్గర లేదు. ఉన్న మొత్తాన్నే ఎవరి నష్టాన్ని బట్టి వాళ్లకు పంచుతారు.

నీకు పోయిన వలలెన్నో రాయి. గడువు ఈ నెల ఇరవై ఎనిమిది.

నీ రోజలిన్

*

పూడిమడక,
ఆగస్టు 9

అమ్మా రోజా,

ఫోన్లో నీ నోట "ఊఁ" తప్ప రాదు. కాయితం మీద మాత్రం పెద్ద లాయరువే! నీ ఉత్తరం ఒడ్డుమీద అందరికీ సదివేను. "ఓడ ఎంత పెద్దదో కొలుత్తారా? మరి మన ఒడ్డు ఎంత నల్లబడిందో ఎవుడు కొలుత్తాడు బావా?" అన్నాడు మీ పరదేశి మామ. పంపకం మాత్రం నాకు తెలిసింది. సేప తక్కువ పడితే అందరి వాటా తగ్గుద్ది, అంతే గదా.

ఐదు వలలు పోనాయి. కిరసనాయిలుతో కడిగినా జిడ్డు వదల్లేదు. ఐదూ రాయి.

మీ నాన్న యేసుదానం

*

అనకాపల్లి,
ఆగస్టు 14

ప్రియమైన నాన్నకు,

కోపం తెచ్చుకోకు. నీకున్నవి మూడు వలలే. క్రిస్మస్ సెలవుల్లో నేనే లెక్కపెట్టి ఆరేశాను. ఇచ్చే డబ్బుకే హద్దున్నప్పుడు మనం ఎక్కువ రాస్తే నష్టపోయేది ఓడ యజమాని కాదు, పరదేశి మామ. నువ్వు సంతకం చేసి ఇచ్చిన ఫారంలో మూడని రాసి దాఖలు చేశాను. ఎదురుగా ఉంటే ఈ మాట అనలేకపోయేదాన్ని.

నీ రోజలిన్

*

పూడిమడక,
ఆగస్టు 19

అమ్మా,

కోపం రానేదు. నాకు నేర్పినావు, మంచిదే.

ఆ రెండూ బుల్లమ్మ మొగుడు సత్తియ్య వలలు. ఆడు పోయినకాడి నుంచీ నా పడవలోనే ఏత్తన్నాను, ఆరేసేది మాత్రం బుల్లమ్మ వాకిట్లోనే. ఏసినోడు ఎవుడైనా, వల వాటా వల గలోళ్లదే. పడవ ఒడ్డుకి రాగానే ఆ సేపలు బుల్లమ్మ గంపలో పోత్తాను. మొగుడి పేర కాయితం ఒక్కటీ లేదు, అందుకే నా పేర్న రాయమన్నాను. ఒడ్డుమీద అందరికీ తెలిసిందే, నీకూ తెలుసనుకున్నాను. సిన్నప్పుడే నిన్ను హాస్టల్లో ఏసేను గదా.

బుల్లమ్మకి ఇంకా సెప్పనేదు.

మీ నాన్న

*

అనకాపల్లి,
ఆగస్టు 28

ప్రియమైన నాన్నకు,

లాయరుగారికి వేరే కేసుంది. అర్జీలు తీసుకునే అధికారి దగ్గరికి బుల్లమ్మత్తను నేనే తీసుకెళ్లాను. "వలలు మీవని కాగితం ఏదీ?" అన్నాడాయన. అత్త నా వైపు చూసింది.

నేను లేచి నిలబడ్డాను. వల వాటా అంటే ఏమిటో చెప్పాను. మధ్యలో తడబడ్డాను. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నువ్వు రాసిచ్చిన కాగితం, పరదేశి మామ సాక్షి సంతకం చూపించాను. అర్జీ తీసుకున్నారు. ఎంత వస్తుందో తెలియదు.

"నా పేరు ఏదే, సూపించు," అంది అత్త. చూపించాను. వేలిముద్ర వేసిన వేలే దాని మీద పెట్టింది. కొత్త కాగితం మీద మరక పడింది.

ఈ రెండు వలలతో అందరి వాటా కొంచెం తగ్గుతుందని సంతకానికి ముందే మామకు చెప్పాను.

"తగ్గితే తగ్గనీయే. ఆ సేపలు ఏ రోజు మావి గనక?" అన్నాడు.

నీ రోజలిన్