ఇంటి కందిపప్పు ధర

గురువారం

మా హోటల్ వంటల ఖర్చు లెక్కకని ఫోన్‌లో పెట్టుకున్న యాప్‌లో ఈరోజు జొన్నరొట్టె భోజనం ఎక్కించాను. కందిపప్పు కిలో ధర అడిగింది.

"మన చేన్ల పప్పుకు ధరేందే? సున్నా కొట్టు" అన్నారు మా ఆయన.

సున్నా వేస్తే ప్లేటు మీద లాభం బాగానే కనిపించింది. బజారు ధర వేసి చూశాను. నష్టం వచ్చింది. ఇన్నేళ్లుగా మాకు మిగులుతున్నది నాగల్‌గిద్దలో చేను చేసే మా మరిది కష్టమే అన్నమాట.

"మీ తమ్మునికి పైసలియ్యాలె మరి" అన్నాను.

"వాడెన్నడన్న అడిగిండా?"

"అడగలే. అందుకే సున్నా పడ్డది."

ఆయన టీవీ పెట్టుకున్నారు.

భోజనం ధర పెంచితే బస్ డిపో డ్రైవర్లు పక్క హోటల్‌కు పోతారేమో. పెంచకపోతే మరిదికి ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి... బజారు ధరే ఉంచి సేవ్ చేశాను.

రేపు మరిది పప్పు బస్తా తెస్తాడు. వచ్చినప్పుడల్లా తిని లేచి, గల్లాపెట్టె ముందు నిలబడి, "వదినా, నా బిల్లెంతైంది?" అని నవ్వుతాడు.

నేనూ నవ్వేదాన్ని.