నందివర్ధనానికి పడ్డ పేరు

మార్చి 2
మొదలుపెట్టేశాను. ఐదు రకాల పూల చెట్లు — మందారం, నూరువరహాలు, గన్నేరు, నందివర్ధనం, కాగితం పూలు. రాళ్లు తేలిన ఎర్ర చెలక నేల. వారానికి ఒక్క తడి, అంతే. రోహిణి కార్తెలో కూడా ఏది పూస్తుందో ఈ ఏడు నర్సరీలో దాన్నే పెంచి అమ్మేది.

మా ఆయన పంపు దగ్గర నిలబడి ఒకటే నవ్వు. "పత్తి విత్తనాలకు ట్రయల్ పెడ్తరు గని పూలకు ట్రయల్ ఏందే?" తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. మృగశిర లోపల పూల మొక్కలకు ఒక్క పెద్ద గిరాకీ రావాలి. రాకపోతే పచ్చ నెట్ కింద జాగా అంతా మిరప నారుకే. సరే అన్నాను. పౌరుషానికి పోయి అన్నాను. నా నోరే నాకు శత్రువు.

మార్చి 9
గద్వాల ఫంక్షన్ హాలాయన మామిడి మొక్క కోసం వచ్చి, నా వరసలు చూసి ఆగాడు. హాలు గోడ పొడుగునా పూల చెట్లు కావాలట. "నీళ్లు అడగొద్దు, ఎండల పూయాలె. గట్లాంటిది ఉంటె చెప్పమ్మా, మొత్తం నీ దగ్గర్నే తీస్కుంట." మే చివర మళ్లీ వస్తానన్నాడు. కారు కదిలేదాకా మా ఆయన మొహం చూడలేదు. చూస్తే నవ్వేసేదాన్ని.

మార్చి 27
మందారానికి పిండినల్లి పురుగు పట్టింది. నూరువరహాలు అంచులు మాడి మూలుగుతోంది. మేకలు వచ్చి రెండింటినీ రుచి చూసి పోయాయి.

ఏప్రిల్ 6
పూలు లెక్కపెడదామని పొద్దున్నే పోతే — గన్నేరుకు లేవు, నందివర్ధనానికీ లేవు. నిన్న సాయంత్రం మొగ్గలు నా కళ్లారా చూశాను. కాగితం పూలు మాత్రం నిండుగా ఉన్నాయి.

ఏప్రిల్ 7
మళ్లీ లేవు.

ఏప్రిల్ 8
దొరికింది. పక్కింటి మాణెమ్మత్త! చేతిలో ప్లాస్టిక్ కవరు. "దేవునికే గద పిల్లా, నేనేమన్న తల్ల పెట్టుకుంటున్ననా?" ఆమె వెనక ఇంకో ఇద్దరు, కవర్లతో సహా. దేవుడి పేరు ఎత్తాక నేనేం మాట్లాడను? సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, శుక్రవారం అమ్మవారు. నా ట్రయల్‌కు మిగిలిన వారమే లేదు.

ఏప్రిల్ 15
ఈ లెక్కన కాగితం పూలదే ఫస్టు మార్కు. ఎందుకు? దాన్ని ఏ దేవుడూ అడగడు కాబట్టి. మా ఆయన సంబరంగా "గదే పెట్టు, ఖతం" అంటాడు. పెళ్లి హాలు చుట్టూ ముళ్ల చెట్టా? అదీ గద్వాలలో? పట్టు చీర కొంగు ఒక్కటి చిరిగితే ఆ పెళ్లి పెద్దలు నన్ను వెతుక్కుంటూ వస్తారు. గన్నేరు విషం, పిల్లలు తిరిగే చోట వద్దు. మిగిలింది నందివర్ధనం. ఎండకు ఒక్క ఆకు వాల్చలేదు, బంగారు తల్లి. కానీ పువ్వు చూపించకుండా ఎలా అమ్మేది?

ఏప్రిల్ 19
కంప కొట్టాను. దాటుతున్నారు. పూలు కోయొద్దని బోర్డు రాసి పెట్టాను. మాణెమ్మత్త "నాకు సదువు రాదు" అంది. ఆమె వెంట వచ్చిన చదువొచ్చిన ఆవిడ బోర్డు చదువుతూనే కోసింది.

ఏప్రిల్ 21
పొద్దున మాణెమ్మత్త కోస్తూ కోస్తూ — "గీ తెల్లపూల కొమ్మలు ఏడికెల్లి తెచ్చినవ్ పిల్లా, మస్తు పూస్తున్నయ్?"

వనపర్తిలో మా అక్క ఇంటి ముందు నుంచి తెచ్చాను. నా చేత్తో కోసుకొచ్చాను.

"బొందలగడ్డ కాడికెల్లి అత్తా" అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట! కవరు అక్కడే పడేసింది. "శ్మశానంల పూలా? ఇన్నొద్దులు శివునికి పెట్టిన గదనే!" అని మొత్తుకుంటూ తల మీద నీళ్లు పోసుకోవడానికి పరుగెత్తింది. మా ఆయన గోడ అవతలికి వినబడేలా "శివుడు ఉండేదే ఆడ గదత్తా" అన్నాడు. కడుపు పట్టుకుని నవ్వాను.

ఏప్రిల్ 22
చెట్టు నిండా పూలు. ఒక్కరూ రాలేదు.

మే 10
వడగాడ్పు. మందారం పోయింది, నూరువరహాలు పోయింది. నందివర్ధనం మధ్యాహ్నం అలుగుతుంది, సాయంత్రానికి సర్దుకుంటుంది, పొద్దున్నే పూస్తుంది. పెళ్లయిన కొత్తలో నేనూ ఇంతే.

మే 18
దేవుడి పటానికి నాలుగు పూలు పెట్టబోతే అత్తమ్మ, అదే, మా ఆయన తల్లి, చెయ్యి పట్టుకుంది. "గవి ఇంట్లకు తేకు." "బొందలగడ్డ అని అబద్ధం చెప్పాను అత్తమ్మా, ఇవి అక్క ఇంటి నుంచి తెచ్చినవి" అన్నాను. "గిప్పుడు ఆడుతున్నవ్ అబద్ధం" అంది.

మే 29
ఫంక్షన్ హాలాయన వచ్చాడు. రోహిణి ఎండలో తెల్లగా విరగబూసి ఉంది నా చెట్టు. చూసి "వారానికి ఒక్కపారేనా నీళ్లు!" అని రెండుసార్లు అడిగాడు. గోడ ఎంత పొడుగో చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో గోడ మీంచి మాణెమ్మత్త తల —

"అయ్యా, పెండ్లిళ్లు జేసే జాగల గీ బొందలగడ్డ చెట్లు ఎందుకయ్యా?"

పాపం, ఆయన మంచి కోరే చెప్పింది. నేను వనపర్తి అన్నాను, అక్క అన్నాను, ఒట్టేశాను. ఆయన మర్యాదస్తుడు. "నేను నమ్ముతనమ్మా. గని జనం నోట్ల వడితె నా హాల్ల పెండ్లి ఎవరు జేస్తరు?" కారెక్కాడు.

నవ్వు రాలేదు ఈసారి. నెట్ కింద కూర్చుని ఏడ్చాను.

మే 30
అక్కకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మాణెమ్మత్తకు చెప్పించాను. అంతా శ్రద్ధగా విన్నది. విని — "అయితే మీ అక్క ఇల్లు బొందలగడ్డ పక్కన ఉన్నదా?"

నా ఖర్మ.

జూన్ 3
మిరప విత్తనాల ప్యాకెట్లు నెట్ కిందికి వచ్చేశాయి. మా ఆయన వాటిని ఓ మూల పేర్చి, నాకు చాయ్ తెచ్చిచ్చాడు. ఏమన్నా అంటే బాగుండు, తిరిగి అనేదాన్ని.

జూన్ 5
పంచాయతీ సెక్రటరీ ఫోన్. ఊరి వైకుంఠధామంలో, అదే, కొత్తగా కట్టిన శ్మశానంలో, గోడ వెంబడి చెట్లు పెట్టాలట. నీళ్లు పోసే దిక్కు లేదట. "బొందలగడ్డల బతికే పూల చెట్టు మీ దగ్గర ఉన్నదంట గద మేడం? పక్క ఊర్లోళ్లు గూడ అడుగుతున్నరు." ఇస్తానో లేదో రేపు పొద్దున చెప్పాలట.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "గిరాకీ గిరాకే గదనే!" ప్యాకెట్లు తనే ఎత్తి బయట పెట్టాడు.

గెలిచాను. మరి అన్నం ఎందుకు దిగడం లేదు? నేను ఈ చెట్టును గుమ్మాల ముందు చూడాలనుకున్నాను. ఒకసారి వైకుంఠధామంలో నాటితే ఇక ఈ చుట్టుపక్కల ఏ ఇంటి ముందుకూ రాదు. నా అబద్ధానికి నేనే కొబ్బరికాయ కొట్టినట్టు. ఇవ్వకపోతే మిరప నారు.

జూన్ 6
చాయ్ తాగుతూ అత్తమ్మ అడిగింది. "గది మీ అక్క ఇంటి చెట్టే అంటివి గద. మరి మన గేటు కాడ ఒక్కటన్న ఎందుకు పెట్టలే?"

నిజమే. ఎందుకు పెట్టలేదు? తీరిక లేక. అంతే.

గడ్డపార తీసుకుని వెళ్లాను. గుంత తవ్వాను. మంచి మొక్క ఏరి తెచ్చాను. అత్తమ్మ అరుగు మీంచి చూస్తోంది. మొక్క కవరు చింపాలి... వనపర్తి కొమ్మే. అక్క పక్కన నిలబడి ఉండగా నా చేత్తో కోసిందే. ఛీ, నాకేమైనా పిచ్చా! కానీ ఇంటి ముందు కదా, ఎందుకైనా మంచిది, అమావాస్య పోయాక పెడితే...

సెక్రటరీ ఫోన్ మోగుతోంది. మొక్క ఇంకా కవర్లోనే ఉంది.