గాజు పళ్లెంలోని పసుపు

హైదరాబాద్

నాన్నా,

ఫోన్‌లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే ఆడతాను. అందుకే రాస్తున్నాను.

నాలుగు నెలలుగా లివర్ కేన్సర్ మాత్రలు మానేసి పసుపు కషాయం తాగుతున్నావని నిన్న అమ్మ చెప్పింది. "మన పిల్లే కదేటి కనిపెట్టింది, దాని మాట మీద నీకు నమ్మకం లేదేటి?" అన్నావట. 

దసరాకి వచ్చినప్పుడు మా ల్యాబ్ సంగతి చెప్పాను. కేన్సర్ కణం అసలే ఆయాసపడుతూ నెట్టుకొస్తుంది, పసుపులోని పదార్థం దానిమీద ఇంకాస్త భారం వేస్తే తట్టుకోలేక చచ్చిపోతుంది అని. నువ్వు మురిసిపోయి సుపేలా బజారు దాకా చాటావు. అది నిజమే నాన్నా, కానీ గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో. ఎలుకలకి తినిపిస్తే రక్తంలోకి సరిగా చేరనే లేదు, గడ్డలు అలాగే పెరిగాయి. ఆ సంగతి నాకు దసరాకి ముందే తెలుసు. నీ సంతోషం చూసి నోరు మెదపలేకపోయాను. చేతులారా నిన్ను చంపుకుంటున్నాను. రేపే మాత్రలు మొదలుపెట్టు. నన్ను ఎంత తిట్టినా సరే, మొదలుపెట్టు.

నీ రజని

సెక్టర్ 6, భిలాయి

అమ్మా రజనీ,

నీ ఉత్తరం మీ అమ్మ కంట పడకుండా దాచాను.

నువ్వేం చెయ్యలేదు తల్లీ. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో ముప్పై ఏళ్లు డ్యూటీ దిగగానే బెల్లం ముక్క నమిలాం, దుమ్ము లాగేస్తుందని. ఎవడి దగ్గూ తగ్గలేదు. పసుపు ఏటి చేస్తుందో నాకు తెలీదేటి?

ఆ మాత్రలకి నా అరచేతుల తోలు ఊడిపోయింది. అన్నం కలుపుకోలేకపోతే మీ అమ్మ ముద్దలు పెట్టేది. మహా అయితే మూడు నెలలు ఎక్కువ బతుకుతానని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. నా చేత్తో తిని పోదామనుకున్నాను. ఊరికే మానేస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. అందుకని నీ పేరు వాడుకున్నాను. తప్పు నాది, క్షమించు.

ఇప్పుడు మొదలుపెడదామన్నా కుదరదు. కడుపులో నీరు చేరింది, ఇక మాత్రలొద్దని డాక్టరే అన్నాడు.

ఎలుకల మాట మాత్రం అమ్మకి చెప్పకు. రోజూ తెల్లారే లేచి తనే పసుపు కొమ్ములు దంచుతోంది. మొన్న నా కళ్లు పచ్చబడ్డాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "మందు ఒంటికి పట్టింది, చూసినావేటి!" అని ఎంతో సంతోషపడింది.

నేను అవునన్నాను.

మీ నాన్న,
నూకరాజు