డీవీడీ కవరు మీద నీ చేతులు

అన్నయ్యకు నమస్కారం.

నేను బాగున్నాను. ఉత్తరానికి రాసే మాట కాదు, నిజంగానే బాగున్నాను. ఈ ముక్క అమ్మకు రెండుసార్లు చదివి వినిపించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు కులాసాయేనా? జీడితోటలో పూత ఎలా పట్టింది? ఇక్కడ హైదరాబాదులో చలి మన సముద్రం పక్క చలిలా కాదు, ఒట్టి పొడి చలి. పెదాలు పగిలిపోతున్నాయి. హాస్టల్లో రోజూ అదే పప్పు, అదే దొండకాయ. వదినని అడిగి కాసిన్ని ఎండు నెత్తళ్ళ చేపలు పంపించు. వాసనకు పక్క మంచం పిల్ల గోల పెడితే పెట్టనీ.

ఇక అసలు సంగతి. ఈ పార్సిల్లో ఉన్నవి డీవీడీ కవర్లు. నీ తప్పెటగుళ్ళ జట్టువి. నేను చేసినవి.

టెక్కలి వీడియో షాపువాడు మన అమ్మవారి సంబరంలో మీ ఆట షూట్ చేసి, కవరు మీద ఎవరో సినిమా పిల్ల బొమ్మ వేసి, మీ జట్టు పేరు ఎక్కడా లేకుండా అమ్ముకున్నాడని వదిన ఫోన్లో చెప్పింది. నువ్వు తప్పెటను గోడకు తగిలించి "ఇక ఆడను" అన్నావని కూడా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద ఎంతో, నీ మీద అంతకు రెట్టింపు. వాడు పేరు మింగేస్తే నువ్వు ఆట మానేస్తావా?

నేను పనిచేసే వీడియో దుకాణంలో పెళ్ళి డీవీడీల కవర్లు ఇప్పుడు నేనే చేస్తున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. భోజనాల విరామంలో కంప్యూటరు వాడుకోవడానికి దుకాణం సారు ఒప్పుకున్నారు. నిరుడు సంబరంలో తీసిన నీ ఫోటో స్కాన్ చేశాను. పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయింది. అందుకని నీ తప్పెట అంచు వెంట మౌసుతో గీత గీసుకుంటూ పోయాను. దీన్ని ట్రేసింగ్ అంటారు. అలా గీసిన బొమ్మను వెక్టర్ అంటారు. అగ్గిపెట్టె మీద వేసినా, గోడంత బ్యానరు మీద వేసినా చెదరదు. ఎడమ పక్క సొట్టతో సహా గీశాను.

మా సీనియర్ సతీష్ వచ్చి చూశాడు.

"గిదేంది పార్వతీ, అన్నం తినే పళ్ళెమా?"

పైగా నా బొమ్మ తీసేసి, కంప్యూటర్లో ఉన్న రెడీమేడ్ డప్పు బొమ్మ పెట్టాడు. "జానపదమంటే డప్పే గదా. ఎవడు చూస్తడు?"

"ఎవుడు సూత్తాడా? మా అన్న సూత్తాడు! డప్పుకి పుల్లలుంటాయి. తప్పెట గుండికి కట్టుకుని అరిసేతుల్తో కొడతారు. ఏటనుకున్నావు?"

కోపమొస్తే నాకు మన మాటే వస్తుంది. దుకాణమంతా తిరిగి చూసింది.

కానీ అన్నయ్యా, వాడన్నది అబద్ధం కాదు. తప్పెట రేకు ఒక్కదాన్నే గీస్తే నిజంగానే పళ్ళెంలా ఉంది. తప్పెటను మనం ఒంటరిగా ఎప్పుడు చూశాం గనక? ఎప్పుడూ నీ గుండె మీదే చూశాం. అప్పుడు మళ్ళీ ఫోటో తెరిచి, రేకు మీద నీ రెండు చేతులూ గీశాను. కొబ్బరికాయ పడి వంకరపోయిన చిటికెన వేలితో సహా.

"ఆ వేలు సరిచెయ్, లోగో నీటుగుంటది" అన్నాడు సతీష్.

"ముట్టుకున్నావంటే నీ వేలు వంకర సేత్తాను."

నవ్వేశాడు. వెనక పసుపు రంగు వేయమన్నది మాత్రం వాడే. బాగా కుదిరింది, అది ఒప్పుకుంటాను.

లోగో కింద జట్టు పేరు, దాని కింద జట్టు నాయకుడిగా నీ పేరు వేశాను. సారు చూసి, ఒక కవరు తీసుకెళ్ళి కౌంటరు అద్దానికి అంటించారు. మొన్న ఒక తాపీమేస్త్రి, మన వైపు సంతబొమ్మాళి నుంచి పనికి వచ్చినాయన, కూతురి పుట్టినరోజు డీవీడీ కోసం వచ్చి అద్దం దగ్గరే ఆగిపోయాడు.

"ఓలమ్మో! తప్పెట కదేటిది? మనోల్లదే! ఎవులి సేతులమ్మా ఇవి?"

"మా అన్నవి" అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే లోపలి నుంచి సారు బయటికొచ్చారు.

"ఈ ఏడు సంబరంలో ఆడతాడా మీ అన్న? నాను ఊరెల్తాను, సూత్తాను."

"ఆడతాడు" అనేశాను. నిన్ను అడగకుండానే. తిడితే తిట్టు.

మీ దగ్గరున్న డీవీడీలకు టెక్కలి వాడి కవరు పారేసి ఇవి వేయండి. ఒకటి తీసుకెళ్ళి వాడి షాపు ముందే నిలబడి వాడికి చూపించు. ఇకముందు ఎవరు షూట్ చేసినా ఈ బొమ్మ లేకుండా అమ్మడానికి వీల్లేదని ముందే చెప్పు.

అమ్మ పాదాలకు, పెదనాన్నకు నా దణ్ణాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెనలుంటే ఇక్కడ నాకేమీ కాదు, బెంగ పెట్టుకోవద్దు.

గోడకు వేలాడుతున్నది ఒట్టి పళ్ళెం, అన్నయ్యా. నేను గీసి చూశాను కదా, నాకు తెలుసు. దించు. చేతులు పెట్టు.

నీ చెల్లి,
పార్వతి