మూడో సంతకం

హైదరాబాదు,
ఆదివారం.

మావయ్య గారికి,

సూర్యం నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. లహరి కూడా బాగుంది. అక్కడ మీరు, అత్తయ్య, బుజ్జి, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్య మోకాలికి ఆ కొత్త నూనె ఏమైనా పనిచేసిందా? మొన్నటి వానలకి కొబ్బరి కొట్టు వెనక రేకులు కారుతున్నాయని బుజ్జి చెప్పాడు. మీరు నిచ్చెన ఎక్కకండి. మనిషిని పెట్టించండి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటారు. మీకు వినపడాలంటే నేను గట్టిగా మాట్లాడాలి. ఇందులో ఉన్న మాటలు గట్టిగా అనలేను. కొట్లో నలుగురి ముందు కాకుండా, ఇంటికి తీసుకువెళ్ళి ఒక్కరే కూర్చుని చదవండి.

ఇక్కడ చలి మొదలైంది. మన వైపు గాలిలో ఉండే తడి ఇక్కడ లేదు, పెదవులు పగులుతున్నాయి. నీళ్ళు ట్యాంకరువి. బకెట్టు అడుగున తెల్లగా పేరుకుంటుంది. బియ్యం ఇంకా మీరు పంపినవే తింటున్నాను, మరో నెల వస్తాయి. వంట నేనే చేసుకుంటున్నాను. పప్పు, చారు, ఏదో ఒక వేపుడు. పులుసు మాత్రం కుదరడం లేదు. వనజ చింతపండు ఎంత వేసేదో ఎప్పుడూ చూడలేదు.

కంపెనీలో పని మామూలే. మందుల బ్యాచ్‌లు పరీక్షించి, వచ్చిన విలువ వచ్చినట్టు రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే చేస్తున్నాను. ఒక్క అంకె దిద్దలేదు. బయట మాత్రం నా సంతకం విలువ ఏమిటో కింద రాస్తాను.

మా బిల్డింగులో సగం ఇళ్ళకి ఇంకా మనుషులు రాలేదు. మీరు గృహప్రవేశానికి వచ్చినప్పుడు లిఫ్టుకి కరెంటు ఇవ్వలేదు కదా, ఇప్పుడు ఇచ్చారు. ఎదురింటావిడ అప్పుడప్పుడు గిన్నెలో కూర పెట్టి ఇస్తుంది. "పాపం" అంటుంది. ఆఫీసులోనూ అదే మాట. వనజ పోయి నాలుగు నెలలు దాటినా అంటూనే ఉన్నారు. నేను తల వంచుకుని తీసుకుంటున్నాను. వాళ్ళు దాన్ని దుఃఖం అనుకుంటారు. దుఃఖం ఉంది. కానీ తల వంచుకునేది అందుకు కాదు.

గురువారం బుజ్జి ఫోన్ చేసిన సంగతి మీకు తెలుసు. మీరు పక్కనే ఉన్నారు.

"బావా, ఎవరో ఇన్సూరెన్సాయన ఫోన్ చేసేడు. వచ్చే శుక్రవారం మలికిపురం వత్తాడంట. అక్కకి ముందునించీ ఏవైనా జబ్బులున్నాయా అని మనల్ని అడుగుతాడంట. నువ్వేం బెంగెట్టుకోకు. మా అమ్మాయికి జొరం రావడం కూడా ఎరగం అని నాన్నే చెప్తారు. ఈ ఊళ్ళో నాన్న మాటకి ఎదురేంటి చెప్పు?"

తర్వాత మీరు ఫోన్ తీసుకున్నారు. "ఒరే సూర్యం, ఆ ఇంటి మీద ఇంక అప్పుండదంటగా? పోన్లేరా. ఎల్తా ఎల్తా మా అమ్మాయి నీకు నీడిచ్చి ఎల్లింది" అన్నారు.

నేను "ఆయ్" అన్నాను. మీకు అది వినపడిందో లేదో తెలియదు. వినపడకపోతే బాగుండును.

మావయ్యా, వనజకి జబ్బు ఉంది. ఇల్లు కొనక ముందే ఉంది. నాకు తెలుసు. ఆమెకి తెలుసు. మీకు తెలియనివ్వలేదు.

జరిగింది వరసగా రాస్తాను. కిందటి ఏడాది ఈ రోజుల్లోనే ఇల్లు చూశాం. అప్పటికి ఆమెకి ఆయాసం మొదలై రెండు నెలలు. స్కూల్లో పై అంతస్తు క్లాసుకి వెళ్ళి రెండు నిమిషాలు కుర్చీలో కూర్చుంటే గాని పాఠం మొదలుపెట్టలేకపోయేది. సాయంత్రానికి పాదాలు వాచేవి. అద్దె ఇంటి వీధి చివర డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె డాక్టరుకి చూపించండి, వెంటనే స్కానింగు చేయించండి అని చీటీ రాశాడు.

అదే వారంలో లోను కాగితాలు వచ్చాయి. మా ఇద్దరి జీతాలూ కలిపితేనే ఆ లోను వస్తుంది. దానితో పాటు ఒక ఇన్సూరెన్సు. ఇద్దరిలో ఎవరు పోయినా మిగిలిన అప్పు వాళ్ళు కడతారు. దానికి ఇద్దరి ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. లోను ఇప్పించినాయన మన వైపు మనిషే, కొత్తపేట దగ్గర. పేరు రాయను. మన ఊరి మాట విని పదేళ్ళైనట్టు సంబరపడి ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాం. ఫారంలో ఒక ప్రశ్న దగ్గర నేను ఆగాను. ఈ మధ్య ఏ డాక్టరైనా ఏదైనా పరీక్ష చేయించుకోమని చెప్పారా, అవును, లేదు. నేను చీటీ సంగతి చెప్పాను.

"ఆయ్, ఇదెంత పనండీ! మెట్లెక్కితే మా ఆవిడా రొప్పుద్ది. అదంతా రాత్తే అవతలోడు టెస్టులంటాడు. టెస్టులంటే నెల. నెలంటే బిల్డరు ఇంకోడికి ఇచ్చేత్తాడండీ. లేదు అని పెట్టెయ్యండి. ఇల్లు చేతికొచ్చేక తీరుబడిగా చూపించుకోండి, ఎవరొద్దన్నారు?"

వనజ వంటింట్లోంచి వచ్చి "పెట్టెయ్ బావా, నాకేమైందిప్పుడు? ముందు ఇల్లు రానీ" అంది.

ఆయన అన్నాడని, ఆమె అన్నదని రాస్తున్నానంటే తప్పు వాళ్ళ మీదకి నెట్టడానికి కాదు. పెన్ను నా చేతిలో ఉంది. లేదు అన్న గడిలో టిక్కు పెట్టి కింద సంతకం చేశాను. అది మొదటి సంతకం.

గృహప్రవేశం రోజు మీరు చూశారు. పాలగిన్నె పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కాలి. మూడో అంతస్తు మలుపులో ఆమె పట్టుచీరతో మెట్టు మీద కూర్చుండిపోయింది. మీరు వెనకాల అరటి గెల పట్టుకుని వస్తున్నారు. "ఏమ్మా, అలా చతికిలబడ్డావు?" అన్నారు. "ఒక్కో మెట్టూ ఎంతకి పడిందో లెక్కేత్తున్నాను నాన్నా" అంది. మీరు నవ్వారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మావయ్యా, ఆమె పెదవులు ఆ వేళ నీలంగా ఉన్నాయి. లిప్‌స్టిక్కు వేసుకోని మనిషి ఆ ఒక్కరోజు ఎందుకు వేసుకుందో నాకు తెలుసు.

ఇల్లు వచ్చాక ఎందుకు చూపించలేదని అడుగుతారు. ఇది రాయడానికే మూడు కాగితాలు చింపాను. ఆ టిక్కు పెట్టాక డాక్టరు దగ్గరకి వెళ్ళడానికి భయం వేసింది. ఇప్పుడు పరీక్ష చేయిస్తే జబ్బు ఎప్పటిదో బయటపడుతుంది, లోను వెనక్కి అడుగుతారేమో అని. కొత్తపేట ఆయన కొన్నాళ్ళు ఆగమన్నాడు. తర్వాత పదో తరగతి పరీక్షలు వచ్చాయి. తర్వాత ఎండలు. ప్రతిసారీ ఒక కారణం దొరికింది. మార్చిలో ఒకసారి ఆమే "పోనీ వేరే పేరు రాయించుకుని చూపించుకుంటే?" అంది. దొంగతనంగా వైద్యం చేయించుకోవడం గురించి మాట్లాడుకున్నాం. బి.ఎస్సీ. చదివిన నేను, బి.ఇడి. చదివిన ఆమె. వెళ్ళలేదు.

చివరికి ఆమెని ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు పెద్ద డాక్టరు నన్ను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచాడు. గుండె కవాటం పాడైందని, ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే ఆపరేషనుకి అవకాశం ఉండేదని చెప్పాడు. మీరు, బుజ్జి ఆ సాయంత్రానికి కారులో వచ్చారు. హఠాత్తుగా వచ్చింది, డాక్టర్లకే అంతుపట్టలేదు అని మీకు చెప్పాను. మీరు నా భుజం పట్టుకుని "నీ చేతిలో ఏవుందిరా" అన్నారు.

కూతురు పోయిన మనిషి నన్ను ఓదార్చడం, నేను ఓదార్చనివ్వడం. ఆ చెయ్యి ఇంకా నా భుజం మీద ఉంది.

పెద్దకార్యం అయి తిరిగి వచ్చిన వారంలో కొత్తపేట ఆయన క్లెయిము ఫారం తెచ్చాడు. అంతకు ముందు ఏ అనారోగ్యమూ లేదు అని అందులో ఉంది. సంతకం చేశాను. అది రెండోది. పోయినవారికి మీరు ఏమవుతారు అన్న చోట భర్త అని రాశాను. ఆ కాగితంలో అబద్ధం కానిది అదొక్కటే.

బుజ్జి ఫోన్ చేశాక రెండు రోజులు ఊరుకున్నాను. ఊరుకుంటే అయిపోతుంది. మీరు చెప్తారు, ఆ వచ్చినాయన రాసుకుంటాడు, అప్పు తీరుతుంది. మీరు చెప్పేది మీ వరకూ నిజమే. అందుకే ఊరుకోలేకపోయాను. నా సంతకాలు రెండూ నా నోటి అబద్ధాలు. మూడోది మీ నోట పలికించబోయాను.

మీకు గుర్తుందో లేదో. నాన్న పోయి నేను కపిలేశ్వరపురం నుంచి మీ ఇంటికి వచ్చిన మరుసటి ఏడాది, లారీకి లోడు ఎత్తేశాక, అడుగున పోసిన కొబ్బరికాయ చాలావరకు కుళ్ళిందని మీకు తెలిసింది. తాళ్ళు కట్టేశారు. డ్రైవరు తొందరపడుతున్నాడు. గుమాస్తా "చూడలేదనుకుందాం లెండి, ఆళ్ళకేం తెలుస్తాది" అన్నాడు. మీరు "చూడలేదని ఎలాగనుకుంటావురా? చూసేం కదా!" అని విసుక్కుని లోడంతా దింపించారు. పొద్దుటి నుంచి అన్నం తినకుండా కాయ కాయా చెవి దగ్గర ఆడించి వేరు చేశారు. నేనూ కూర్చున్నాను. చేతులు నొప్పి పుట్టాయని అత్తయ్య కొబ్బరినూనె రాసింది. ఆ ఇంట్లో పెరిగాను నేను.

నిన్న ఇన్సూరెన్సు ఆఫీసుకి రాశాను. క్లెయిము వెనక్కి తీసుకుంటున్నానని, మొదటి ఫారంలో రాసింది నిజం కాదని. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు పడి ఉంటుందో తెలియదు. మనిషి మాత్రం శుక్రవారం మీ దగ్గరకి వస్తాడు. అందుకే ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను.

లహరి నిన్ననే హాస్టలు నుంచి వచ్చింది. మీకంటే ముందు దానికి చెప్పాను. వాళ్ళమ్మ ఫోటో వైపు చూస్తూ విన్నది. "తాతయ్యకి చెప్పావా?" అని ఒక్కటే అడిగింది. చెప్తున్నానన్నాను. అన్నం తినకుండా పడుకుంది. ఈ పొద్దున్న లేచి నాకు టీ పెట్టి ఇచ్చింది.

ఇంటి సంగతి. నా ఒక్కడి జీతం మీద వాయిదాలు నడవవు. ఈ ఇల్లు అద్దెకిచ్చి నేను కంపెనీ దగ్గర ఒక గదిలోకి మారతాను. అప్పటికీ కుదరకపోతే అమ్మేస్తాను. మీరు గాని బుజ్జి గాని డబ్బు పంపకండి. కొబ్బరికాయల బస్తా కూడా వద్దు. బుజ్జి బ్యాంకు మీద, కొత్తపేట ఆయన మీద కోపం తెచ్చుకుంటాడు, ఆపండి. అత్తయ్యకి చెప్పాలో వద్దో మీ ఇష్టం. చెప్పదలిస్తే ఆవిడ భోజనం చేశాక చెప్పండి.

క్షమించమని రాయడానికి రెండుసార్లు పెన్ను ఎత్తాను. అడగడం లేదు. ఆ మాట అడిగితే మళ్ళీ మీరే నన్ను ఓదార్చవలసి వస్తుంది.

ఒక్క పని చేసిపెట్టండి. ఆ వచ్చినాయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మీరేమీ చెప్పకండి. ఈ ఉత్తరం ఆయన చేతిలో పెట్టండి. డాక్టరు రాసిన చీటీ దీనికి గుచ్చి పంపుతున్నాను. ఇంటి కాగితాల ఫైలులోనే దొరికింది. వనజ దాన్ని నాలుగు మడతలు పెట్టి రిజిస్ట్రేషన్ దస్తావేజు వెనక దాచింది. పారేయలేదు. ఏదో ఒక రోజు వెళ్దామనే అనుకుంది.

అత్తయ్యకి నా నమస్కారాలు. బుజ్జి పిల్లలకి ఆశీస్సులు. మీ దీవెనలు కోరే చోట ఈసారి ఏమీ రాయడం లేదు. లహరిని దీవించండి.

ఇన్నేళ్ళుగా మీకు రాసిన ప్రతి ఉత్తరం కింద మీ సూర్యం అనే పెట్టాను. ఇది ఆ ఇన్సూరెన్సాయన కూడా చదవాలి కాబట్టి పూర్తి పేరు రాస్తున్నాను.

ఇట్లు,
గెద్దాడ సూర్యప్రకాశరావు,
వనజ భర్త.