మామ్మ నేర్పిన ఆట

మామ్మకి,

ఫోన్లో చెబితే నవ్వేశారు, అందుకే రాస్తున్నాను. నిన్న తమ్ముడు దత్తసాయి కూర చల్లారిందని అమ్మని చెంప మీద కొట్టాడు. అమ్మకి పన్ను ఊడింది. "మగపిల్లాడు, కోపం ఉంటుందమ్మా" అన్నారు మీరు. ఆ కోపం నాన్న మీదికి ఎందుకు రాదండీ?

వాడు పాకే రోజుల్లో "అమ్మని ఒక్కటియ్యరా బాబూ" అని చెయ్యి పట్టుకుని కొట్టించింది మీరే. అమ్మ ఉత్తుత్తినే ఏడిస్తే అందరం నవ్వేవాళ్లం. నేను చప్పట్లు కూడా కొట్టాను.

వాడు మీ మాటే వింటాడు. ఆదివారం కామవరపుకోటలో బస్సెక్కి వచ్చి, "నేను నేర్పింది తప్పురా" అని వాడి ఎదురుగా చెప్పండి. రాకపోతే అమ్మని వట్లూరులో నా గదికి తీసుకుపోతాను. చేపల ప్యాకింగ్ పనిలో నాకొచ్చే జీతం ఇద్దరికి సరిపోతుంది.

ఎందుకైనా మంచిదని ముందే బట్టలు సర్దుకోమంటే, అమ్మ వాచిన బుగ్గతోనే వాడి కాలేజీ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది.

మీ మనవరాలు