ఇరవై బస్సుల బోల్టులు

మార్చి 4
పొద్దున్నే డిపో మేనేజర్ మా మెకానిక్‌ల షెడ్డులోకి వచ్చాడు. కొత్త బస్సుల్లో వీల్‌చెయిర్ కోసం పెట్టిన ర్యాంపులు దించి ఎత్తడానికి నాలుగేసి నిమిషాలు పడుతోందట. ట్రిప్పులు లేటట, పైనుంచి తిట్లట. అందుకని అవి కదలకుండా కింద నుంచి బోల్టులు బిగించేయాలట. ఆర్డరు కాగితం అడిగితే, నోటిమాట చాలదా అన్నాడు. ఒళ్లు మండింది. మండుతూనే బిగించాను. పద్నాలుగు బస్సులు.

మార్చి 5
మిగతా ఆరూ అయ్యాయి.

మార్చి 9
అక్క ఇవాళ ఈతకు వెళ్లలేకపోయింది.
యాక్సిడెంటై వీల్‌చెయిర్‌లో కూర్చున్నప్పటి నుంచి మా ముందుగదిలోనే ఉంటోంది. ఈ బస్సులొచ్చాక వారానికి మూడు రోజులు ఒక్కతే స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తోంది. నీళ్లలో కుర్చీ అక్కర్లేదు, ఎవడి సాయమూ అక్కర్లేదు అంటుంది.
ఇవాళ ఇద్దరు డ్రైవర్లు ర్యాంపు రిపేరన్నారట. మూడోవాడు అసలు ఆపనే లేదు. ఎవరో ఇద్దరు పుణ్యాత్ములు అడక్కుండానే చంకల్లో చేతులు పెట్టి లేపబోయారట. నేనేమన్నా సిమెంటు బస్తానా అని కసిరి, ఎండలో చక్రాలు తోసుకుంటూ ఇంటికొచ్చేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి.
నువ్వు పనిచేసేది అక్కడే కదా, సంగతేంటో కనుక్కోమంది. కనుక్కుంటానన్నాను. సిగ్గులేని వెధవని.

మార్చి 11
మేనేజర్‌ని అడిగాను. రోజుకి ఎక్కేది ఒకరో ఇద్దరో, వాళ్ల కోసం నలభై మందిని ఆపాలా అన్నాడు. ర్యాంపే లేకపోతే ఆ ఇద్దరూ ఎక్కరు కదా అన్నాను. లెక్క బాగుందని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే రాసే పెన్ను విరిగేలా ఉంది.

మార్చి 12, ఉదయం 6
అక్కకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఎన్ని బస్సులని అడిగింది. ఇరవై అన్నాను.
"ఇరవైలో ఒక్కటైనా వదిలేయబుద్ధి కాలేదురా?"
కుర్చీ తిప్పుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మార్చి 16
నిన్నా ఇవాళా కలిపి ఇరవై బస్సుల బోల్టులూ విప్పేశాను. ర్యాంపు కీళ్లలో గ్రీజు చుక్క లేదు. బస్సులొచ్చినప్పటి నుంచి ఎవడూ పెట్టలేదు. ఆ ఎవడిలో నేనూ ఉన్నాను. గ్రీజు పెట్టి వాచీ చూసుకున్నాను. దించి ఎత్తడానికి యాభై సెకన్లు. దీనికా ఇంత రాద్ధాంతం.
బోల్టులన్నీ బకెట్లో తీసుకెళ్లి మేనేజర్ టేబుల్ మీద కుమ్మరించాను. బిగించమన్నది ఎవరో, బిగించింది ఎవరో రాసి హెడ్డాఫీసుకు పంపాను. సాక్షిగా సంతకం పెట్టింది ఒక్కరే, మూడు నెలల్లో రిటైరయ్యే డ్రైవర్ బాబాయి. మిగతావాళ్ల పెన్నుల్లో ఇంకు ఒకేసారి అయిపోయింది.

మార్చి 18
సస్పెన్షన్. పర్మిషన్ లేకుండా బస్సుల మీద చెయ్యేశానట. బిగించిన రోజు ఈ రూలు ఏ గాడిదల్ని కాస్తోందో. మేనేజర్ మీదా ఎంక్వైరీ వేశారని బాబాయి ఫోన్ చేశాడు. వేయనీ.

మార్చి 20
అక్క వెనకాలే స్టాపు దాకా నడిచాను. రమ్మనలేదు, వద్దనలేదు. బస్సు ఆగింది, ర్యాంపు దిగింది. లోపలెవరో టైమవుతోందని సణిగారు. యాభై సెకన్లే, వాచీ చూసుకో అని కింద నుంచే అరిచాను. అక్క ఎక్కింది. నేనూ కాలు పెట్టబోతే ఆపింది.
"నువ్వొద్దు. నేనొక్కదాన్నే వెళ్తా."

మార్చి 22
అక్క ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. పూల్ నుంచి వచ్చి, తడి టవల్ నా భుజం మీద పడేసి లోపలికెళ్లింది. బరువుగా ఉంది. చాలాసేపు తియ్యలేదు.